ఎదురు తిట్టు

"మెడ విరగ్గొట్టుకో!" అంది ద్రహోమీరా, స్కేటింగ్ పోటీ జరిగే మంచు మైదానం అంచున అడ్డుగోడ మీదుగా వంగి.

"థాంక్స్ మేడమ్," అంది వెందులా.

ద్రహోమీరా మొహం పాలిపోయింది. పక్కనే చిన్న తలుపు దగ్గర కాపలా కూర్చున్న బోహుష్ నోటిదాకా వచ్చిన రొట్టెముక్కని అక్కడే ఆపేశాడు.

పోటీకి వెళ్ళేవాళ్ళకి మంచి జరగాలంటే మెడ విరగ్గొట్టుకోమనాలి. దానికి థాంక్స్ చెప్పారా, అన్న మాట అన్నట్టే జరుగుతుంది. "మిమ్మల్ని దెయ్యం ఎత్తుకుపోనూ!" అని ఎదురు తిట్టాలి. ఒస్ట్రావా ఊళ్ళో ముక్కు తుడుచుకోవడం రాని పిల్లలకి కూడా తెలుసు ఈ సంగతి. వెందులా ఇరవై ఏళ్ళుగా ప్రతి పోటీకీ ముందు తన కోచ్ ద్రహోమీరాని కమ్మగా తిట్టి మరీ మంచు మధ్యకి వెళ్తోంది.

"వెనక్కి తీసుకో," అంది ద్రహోమీరా.

"ఎందుకు తీసుకోవాలి? అనాలనిపించింది, అన్నాను."

"అంతగా అనాలనిపిస్తే రేపు కేకు పట్టుకుని ఇంటికొచ్చి అను. ఇప్పుడు తిట్టు!"

మైకులో వెందులా పేరు పిలిచారు. జనం చప్పట్లు కొట్టారు. పిలిచాక ముప్పై సెకన్లలో మంచు మధ్యలో నిలబడాలి. ఆలస్యమైతే ఒక మార్కు కోత. నిమిషం దాటితే పోటీలోంచే తీసేస్తారు. యూరప్ పోటీలకి దేశం మొత్తం మీద ఈ ఏడు ఒక్క అమ్మాయినే పంపుతారు. పదహారేళ్ళ షార్కా తన వంతు ముగించి మొదటి స్థానంలో కూర్చుని ఉంది. మిగిలింది వెందులా ఒక్కతే. ఆమెకి ఇరవై ఆరు. వచ్చే ఏడు చూసుకుందాంలే అనుకునే వయసు కాదు.

వెందులా కదలబోయింది. ద్రహోమీరా ఆమె మణికట్టు పట్టుకుంది.

"తిట్టి వెళ్ళు."

"వదలండి మేడమ్."

"ఆ ఏడు కాలు బెణికినప్పుడు ఏడుస్తూ కూడా తిట్టావు. ఇవాళేమొచ్చింది?"

"తిట్టబుద్ధి కావడం లేదు. ఆరేళ్ళప్పుడు నా బూట్ల తాళ్ళు మీరే కట్టారు. ఇప్పటికీ మీరే బిగిస్తారు. ఒక్కసారైనా థాంక్స్ చెప్పనిచ్చారా నన్ను?"

"ఆ తాళ్ళు కట్టిన చేతులతోనే మొట్టికాయ వేస్తాను. తిట్టవే!"

"అత్తాకోడళ్ళలా ఈ గొడవేంటి, తర్వాత తేల్చుకోండమ్మా," అన్నాడు బోహుష్ గడియారం చూస్తూ. "పద్దెనిమిది."

"పోనీ ఇతన్ని తిట్టు," అంది ద్రహోమీరా.

"మిమ్మల్ని దెయ్యం ఎత్తుకుపోనూ, బోహుష్ గారూ!" అంది వెందులా, ఊపిరి కూడా తీసుకోకుండా.

"చల్లగా ఉండు తల్లీ," అన్నాడు బోహుష్. "ఇరవై మూడు."

"చెల్లదు, చెల్లదు! మెడ విరగ్గొట్టుకోమంది నేను. నన్నే తిట్టాలి!"

వెందులా చెయ్యి విడిపించుకుంది. ఆమె మంచు మధ్యకి చేరేసరికి ముప్పై నాలుగు సెకన్లయింది.

ఆ తర్వాత నాలుగు నిమిషాలూ ద్రహోమీరా కళ్ళు సగం మూసుకునే చూసింది. ఏ మెడా విరగలేదు. గాల్లోకి ఎగిరి గిర్రున తిరిగిన ప్రతిసారీ వెందులా ఒంటికాలి మీద శుభ్రంగా దిగింది. జనం లేచి నిలబడ్డారు.

మార్కుల కోసం ఇద్దరూ బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. బోర్డు మీద అంకెలు వెలిగాయి. షార్కా కన్నా సరిగ్గా అర మార్కు తక్కువ. ఆలస్యానికి కోసింది ఒక మార్కు.

అవతల షార్కావాళ్ళు కేకలు వేస్తూ ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకుంటున్నారు.

ద్రహోమీరా తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది. "ఈ చెయ్యే పట్టుకుంది నిన్ను," అంది. "నేనే పోగొట్టాను."

"మీరేం పోగొట్టలేదు మేడమ్. నేను తిట్టి ఉంటే వదిలేసేవారుగా."

"మరి తిట్టొచ్చు కదే! రెండు ముక్కలు! ఆ ముసలాడిని అడగ్గానే తిట్టావు. నన్ను తిట్టడానికి నోరెందుకు రాలేదు?"

వెందులా ఆ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"పొద్దున ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. మీ దగ్గరి మనిషి ఎవరని అడిగితే నా నంబరు రాసిచ్చారట. వార్డులో వేసుకోవడానికి ఇంటి చెప్పులు మర్చిపోకుండా తెచ్చుకోమని చెప్పమన్నారు," అంది. "సోమవారం గుండె ఆపరేషన్ పెట్టుకున్న మనిషిని దెయ్యం ఎత్తుకుపోవాలని, ఏ నోటితో అనమంటారు మేడమ్?"