గోడ వెనక పచ్చగడ్డి

"ఏయ్, ఎవరక్కడ? గోడ దగ్గర ఏం పని నీకు?"

సూపర్‌వైజరమ్మ కేకకి ముసలాయన నింపాదిగా లేచి నిలబడ్డాడు. ఒక చేతిలో నాలుగు గడ్డిపరకలు, మరో చేతిలో సగం నిండిన గాజుసీసా.

గోడకి ఇవతల టమాటాలు పెంచే గ్రీన్‌హౌస్. మొక్కలు తాగగా మిగిలిన ఎరువునీళ్ళు కాలువల్లోంచి తొట్టిలో చేరి, శుభ్రమై, మళ్ళీ మొక్కలకే వెళ్తాయి. 'ఇక్కడినుంచి చుక్క నీరు బయటికి పోదు' అని గేటు మీద జానెడేసి అక్షరాలతో రాసి ఉంటుంది.

"గడ్డి చూస్తున్నానమ్మా."

"గడ్డిలో ఏముంది చూడ్డానికి?"

"మరీ పచ్చగా ఉంది. ఈ ఎండలకి ఇంత పచ్చగా ఉండకూడదు. గోడకింద ఏదో కారుతోంది."

ఆమె గతుక్కుమంది. కారేదేమిటో ఆమెకి తెలుసు.

ఫిల్టరు కడిగిన నీళ్ళు కూడా తొట్టిలోకే పోవాలి. పోతే అవి తేరుకునేదాకా రెండు గంటలు పని ఆగిపోతుంది. ఉద్యోగంలో చేరి ఏడాదైనా నిండని ఆమె, నెల క్రితమే గోడకింద చిన్న గొట్టం పెట్టించింది. కడిగిన నీళ్ళు కూడా ఒక లెక్కేనా అనుకున్నారు అందరూ.

"ఎవరు పంపారు నిన్ను? అవతలి తోటవాళ్ళా?"

"ఎవరూ పంపలేదు తల్లీ. నెలనెలా వచ్చి ఇక్కడి నీళ్ళు సీసాలో పట్టుకుంటాను. పల్లంలోనే మా బావి ఉంది కదా. ఈసారి పట్టుకెళ్ళేముందు నీకో మాట చెబుదామని..."

"నా పని నాకు నేర్పుతావా? మేకకి గడ్డి కావాలంటే అడుగు, ఇస్తాం. ఈ వేషాలెందుకు?"

వాచ్‌మన్ పకపకా నవ్వాడు. "మేకకి సీసాతో నీళ్ళు పడతాడేమో మేడమ్!"

ఆమె సీసా లాక్కుని ఆయన కాళ్ళ దగ్గరే వొంపేసింది.

ముసలాయన తడిసిన చెప్పులకేసి చూసుకున్నాడు.

"వారంలోగా బాగుచేయించు తల్లీ. మళ్ళీ వస్తా."

ఖాళీ సీసా తుడుచుకుని వెళ్ళిపోయాడు.

"ఈసారి కనిపిస్తే గోడ ఛాయలకి రానివ్వకు" అంది వాచ్‌మన్‌తో.

నాలుగోరోజు గేటు ముందు జీపు ఆగింది. అధికారి తిన్నగా గోడ వెనక్కి వెళ్ళాడు. పచ్చగడ్డిలో చెయ్యిపెట్టి గొట్టం బయటికి లాగాడు.

మధ్యాహ్నానికల్లా గేటుకి సీలు పడింది. అరవైమంది ఆడవాళ్ళు అన్నం బాక్సులు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. వాళ్ళలో సూపర్‌వైజరమ్మ సొంత వదిన కూడా ఉంది.

ఆమె అధికారి దగ్గరికి వెళ్ళింది.

"ఆ ముసలాయనే కదండీ, మా మీద చెప్పింది?"

"చెప్పడమా?" అధికారి వింతగా చూశాడు. "ఐదేళ్ళ క్రితం మేం దీన్ని మూసేయడానికొస్తే అడ్డుపడింది ఆయనే. 'అరవై ఇళ్ళలో పొయ్యిలు ఆర్పకండి బాబూ. నీళ్ళు బయటికి రాకుండా ఏర్పాటు చేయించండి, నేను కాపలా ఉంటాను' అన్నాడు. మీ తొట్లూ కాలువలూ వచ్చింది అందుకే. నెల తప్పకుండా పరీక్షకి నీళ్ళసీసా తెచ్చిచ్చేవాడు."

"మరి ఇప్పుడు?"

"నిన్న వట్టి చేతులతో వచ్చాడు. 'అమ్మాయి సరిచేసుకుంటుంది, వారం ఆగండి' అని బతిమాలాడు. సీసా రాకపోతే మేమే వచ్చి చూడాలి, రూలు."

ఆమె రోడ్డు మీదున్న వదినకేసి చూసింది.

"ఆయనవాళ్ళెవరూ మా దగ్గర పనిచేయడం లేదు కదండీ. ఆయనకెందుకంత...?"

అధికారి పాత ఫైలు మొదటి పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు. ఉయ్యాల్లో పడుకున్న పసిపిల్ల ఫొటో.

"అప్పట్లో మీ ఎరువునీళ్ళు ఆయన బావిలో కలిశాయి. ఆ నీళ్ళతో పాలపొడి కలిపి పట్టారు. మూడు నెలల పాప, ఒళ్ళంతా నీలంగా మారిపోయి..."

ఆయన ఫైలు మూసేశాడు.

"ఆయన మనవరాలమ్మా."