యూనివర్సిటీ పావుగంట

"ఒంటిగంటకి రమ్మన్నారు కదా," అంది ఆ అమ్మాయి. పెద్ద మెట్ల మీద ఒక్కతే నిలబడి ఉంది. చలికి పెదాలు పాలిపోయాయి.

"ఒంటిగంటకే వచ్చాను," అన్నాడు వాల్డెమార్ తాపీగా. కొత్తవాళ్ళకి యూనివర్సిటీ చూపించే పని ఇవాళ అతనిది. "ఇక్కడ ఒంటిగంటంటే ఒకటింపావు. క్లాసైనా అంతే, మీటింగైనా అంతే. యూనివర్సిటీ పావుగంట అంటారు. వినే ఉంటావు."

"విన్నాను. కళ్ళారా చూద్దామని వచ్చాను."

అదేం జవాబో అతనికి అర్థం కాలేదు. పేరడిగితే హిల్మా అంది. ఎడమచేతికి రెండు వాచీలున్నాయి. ఒకటి సన్నది. రెండోది లావుపాటిది, వదులై మోచేతి దాకా జారుతోంది.

"టైమంటే అంత భయమా?"

"పెద్దది మా అమ్మది. రెండేళ్ళుగా ఆవిడ వాచీ పెట్టుకోవటం లేదు."

రెండేళ్ళు అనేసరికి వాల్డెమార్ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఇంతలో మిగతావాళ్ళు వచ్చారు. చదువులో చేరదామని చూడ్డానికి వచ్చిన పిల్లలు, వాళ్ళ వెనక కూతురితో వచ్చిన టూర్‌బ్యోర్న్ అనే ఒక తండ్రి. ఆయనా ఇక్కడే చదివాడట. రాగానే వాల్డెమార్ వేసుకున్న, ఇక్కడి విద్యార్థులు పార్టీకో గుడ్డ బిళ్ళ కుట్టుకునే నీలం ఓవరాల్‌ని ఎగాదిగా చూశాడు.

"నాలుగో ఏడంటున్నావు, దాని మీద గట్టిగా నాలుగు గుడ్డ బిళ్ళలైనా లేవేం? పార్టీలకి వెళ్ళవా? మా రోజుల్లో రెండో ఏటికే కుట్టుకోటానికి చోటుండేది కాదు."

"పాతది పోయిందండీ," అన్నాడు వాల్డెమార్.

హిల్మా అతని వైపు చూసింది. ఆ చూపు వీపు మీద పెట్టుకునే అతను వాళ్ళకి లైబ్రరీ చూపించాడు, ఆవిరి గది చూపించాడు. "హాస్టల్లో ఒక్కో వరస గదులకీ ఒకటే వంటిల్లు. పాల డబ్బా మీద పేరు రాసుకోకపోతే అది అందరిదీ," అన్నాడు. "ఇక్కడ రెక్టర్ని కూడా పేరు పెట్టి నువ్వు అనే పిలుస్తాం," అన్నాడు.

"మా ఇంట్లో నా గతీ అంతే," అన్నాడు టూర్‌బ్యోర్న్. అందరూ నవ్వారు. హిల్మా నవ్వలేదు.

"మంచు దారి చూపించవా?" అంది.

చూపించకుండా తప్పించుకుందామనే అనుకున్నాడతను. కానీ పిల్లలందరూ వాళ్ళంతట వాళ్ళే ఒడ్డుకి నడిచారు. గడ్డకట్టిన సముద్రపు పాయకి అవతల హాస్టళ్ళు కనపడుతున్నాయి. చలికాలమంతా అందరూ మంచు మీదే నడిచి వెళ్ళొస్తారు. దారి తప్పకుండా రెండు పక్కలా దేవదారు కొమ్మలు పాతి ఉన్నాయి. ఒడ్డున బోర్డు: 'ఈ రోజు రెండింటికి మంచు కోసే ఓడ వస్తుంది. ఆ తర్వాత ఎవరూ దిగరాదు.'

"రెండేళ్ళ కిందట ఇక్కడే కదా ఒకబ్బాయి పోయింది?" అంది హిల్మా.

"సిక్స్‌టెన్," అన్నాడు వాల్డెమార్. ఈ రెండేళ్ళలో ఎవరడిగినా చెప్పే ముక్కే చెప్పాడు. "ఆ రోజు ఓడ ముందే వచ్చేసింది. యూనివర్సిటీలో ఎవర్నడిగినా అదే చెప్తారు."

ఆ అబ్బాయికి చెల్లెలుందని విన్నాడు. ఈమే అయి ఉండాలి. ఆ రోజు సిక్స్‌టెన్‌తో తనేమన్నాడో ఇంతవరకూ ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇక ఈ మెట్లెక్కే మొహం తనకుండదు.

"రెండు కొట్టలేదు," అన్నాడు టూర్‌బ్యోర్న్ కూతురి చెయ్యి పట్టుకుని. "మన లెక్కన ఇంకా పావుగంట పైనే. రావే, నడి మధ్య దాకా వెళ్ళొద్దాం. మీ అమ్మా నేనూ..."

ఆయన బూటు అప్పటికే మంచు మీదుంది.

"దిగకండి," అన్నాడు వాల్డెమార్.

"ఏం? ఇక్కడ రెండంటే రెండుంపావేగా?"

హిల్మా బోర్డు మీద వేలు పెట్టింది. "ఈ రెండు మీ రెండా, ఓడవాళ్ళ రెండా?"

దూరంగా పాయ మలుపు వెనక ఏదో బరువైన చప్పుడు, నేల లోపల్నించి వస్తున్నట్టు.

"చెప్పు," అంది.

"ఓడవాళ్ళది. వాళ్ళకి పావుగంట లేదు," అన్నాడు వాల్డెమార్.

"ఆ రోజు నీకీ సంగతి తెలుసా?"

"తెలీదు. పార్టీకి వేసుకోటానికి నా ఓవరాల్ హాస్టల్లో మర్చిపోయాను. తెమ్మని సిక్స్‌టెన్‌ని పంపాను. రెండయిపోవచ్చిందిరా అన్నాడు. రెండంటే రెండుంపావురా, పరిగెత్తు అన్నాను. తిరిగొచ్చేటప్పుడు మంచు కురుస్తోంది, వాడికేం కనపళ్ళేదు. ఓడ ముందు రాలేదు. సరిగ్గా టైముకే వచ్చింది."

టూర్‌బ్యోర్న్ కూతుర్ని ఒడ్డు మీదికి లాగేసుకున్నాడు.

మలుపు తిరిగి ఓడ కనపడింది. హిల్మా రెండు వాచీలూ పక్కపక్కన పెట్టి చూసింది. రెండిట్లోనూ రెండే. మంచు పెద్ద చప్పుడుతో విరిగింది. పాతిన కొమ్మలు ఒకదాని వెనక ఒకటి నల్లటి నీళ్ళలోకి ఒరిగిపోయాయి.

ఆమె అలా చూస్తూనే ఉంది. తర్వాత పెద్ద వాచీ విప్పి జాగ్రత్తగా జేబులో పెట్టుకుంది.

"ఇది మా అమ్మకి చెప్పాలి," అంది. "రెండేళ్ళుగా ఆవిడకి సరిగ్గా నిద్ర లేదు."

"మీ అమ్మగారి కాళ్ళ మీద పడమన్నా పడతాను," అన్నాడు వాల్డెమార్. "కొడుకుని నా మాట వల్లే..."

"నేను సిక్స్‌టెన్ చెల్లెల్ని కాను," అంది హిల్మా.

"మరి?"

"ఆ రోజు ఓడ నడిపింది మా అమ్మ."