వాన గుడి

లుసాకా పట్నంలో కోడిగుడ్లు పొదిగించే మ్వీంబా, పల్లెలో అమ్మమ్మ గుడిసెకొచ్చి బావురుమన్నాడు. "కరీబా డ్యాంలో నీళ్లు టర్బైన్లకి అందట్లేదట. కరెంటు లేక మిషన్లో గుడ్లన్నీ కుళ్లిపోతున్నాయే!"

"కరెంటు లేదని ఏడవడానికి, కరెంటే ఎరగని కొంపకొచ్చావట్రా?"

"వాన గుడిలో మొక్కేది మనింటి ఆడవాళ్లే కదా! ఒక్కసారి మొక్కవే, నీ కాళ్లు పట్టుకుంటా."

అమ్మమ్మ జొన్నకల్లు కుండ నెత్తికెత్తుకుని ఆ డ్యాం రిజర్వాయరు ఒడ్డుదాకా నడిచి, కుండ దించింది.

"గుడి ఎక్కడే?"

నడినీళ్లలోకి చెయ్యి చూపించింది. "డ్యాం కట్టి మమ్మల్ని ఖాళీ చేయించినప్పుడే మునిగింది. కల్లు ఆ గడప మీదే పొయ్యాలి. ఈ మిగిలిన నీళ్లు కూడా ఎండితే గుడి బయటపడుతుంది. కూర్చో."