ఇంకొక్క సందేహం

"ఇంకేమైనా సందేహాలున్నాయా?" పారిస్ ఆఫీసు నుంచి వీడియో మీటింగులో మేనేజరమ్మ అడిగింది.

మధ్య ఆఫ్రికాలోని బంగసూ ఊళ్ళో, తన ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చున్న సింప్లిస్ ఏడోసారి చెయ్యెత్తాడు.

"అడిగిందే అడుగుతున్నారు. ఇవాళ మీకేమైంది?" ఆమె విసుక్కుంది.

కెమెరాకి అందని గోడవార వీధి వీధంతా నక్కి కూర్చుంది. పక్కింటి యాసిపో అత్త అతని కాలు గిల్లింది.

"ఆపకురా! బయటిదేశం వాళ్ళు చూస్తున్నంతసేపూ ఈ తుపాకుల వెధవలు మన జోలికి రారు."

తలుపు మీద తుపాకీ మడమ దభీమని పడింది. సింప్లిస్ లాప్‌టాప్‌ని అటు తిప్పాడు.

"మేడమ్, ఊళ్ళో జనాన్ని చంపేస్తున్నారు. చూడండి!"

"అయ్యో! ఇంకా మీటింగేమిటి? ముందు మీ ప్రాణం చూసుకోండి," అందామె ఎంతో దయగా.

కాల్ కట్ చేసేసింది.