మారేడుకాయంత బంతి

"ఏంటయ్యా బుల్లియ్యా, నీకు బంతి ఇచ్చానా, బత్తాయి ఇచ్చానా?"

జీవరాజు మేష్టారు చేతిలోని తోలుబంతిని ఎగరేసి పట్టుకున్నారు. కుట్టు విడిందని వారం కిందట ఇచ్చినప్పుడు అది పంపరపనసకాయంత ఉంది. ఇప్పుడు కొబ్బరికాయంత అయింది.

కాలవ గట్టు మీద చెప్పులు కుట్టుకునే బుల్లియ్య తలపాగా తీసి నవ్వాడు.

"నీళ్ళల్లో పడ్డ తోలండీ. ముడుచుకుంటాదండి."

"దొరగారు ఇచ్చిననాడు గుమ్మడికాయంత ఉండేది. ఇలా ముడుచుకుంటూ పోతే వచ్చే నెలకి చొక్కా బొత్తామై కూర్చుంటుంది."

"ఆయ్, అప్పుడు పోగొట్టుకోకుండా తమరి చొక్కాకే కుట్టేత్తానండి."

గోదావరి మీద రైలు వంతెనకి ఇంకా స్తంభాలు లేస్తున్న రోజులవి. నరసాపురానికి కూతవేటు దూరంలో ఓ మిషను బడి. దాని బోర్డింగులో ఆటగాళ్ళు పన్నెండు మంది, అందరికీ కలిపి ఒక్కటే బంతి. కాలిబంతి ఆట నేర్పేది జీవరాజు.

వరసగా రెండేళ్ళు రాజమండ్రి బడితో పోటీకి వెళ్ళి ఓడి వచ్చారు. ఆ ఓటమి ఎలాంటిదంటే, అవతలి జట్టులో గోలు కాసేవాడు పనిలేక గుంజకి చేరబడి గుర్రు పెట్టాడట.

బడి నడిపే దొరగారు తేల్చి చెప్పేశారు.

"ఈసారి కూడా ఓడితే ఆట బందు. పిల్లలు వడ్రంగం నేర్చుకుంటారు."

ఆట పోతే జీవరాజుకి మిగిలేదేమీ లేదు. భార్య పోయి ఆరేళ్ళయింది. రామచంద్రపురంలో అన్నగారు ఉత్తరాలు మానేశారు. సాయంత్రం ప్రార్థన గంట కొట్టగానే పిల్లలు గుంపుగా పరుగెత్తుకుపోతారు. ఖాళీ మైదానంలో ఆయనా, బంతీ మిగులుతారు.

ఆ వేళప్పుడు ఆయనతో రెండు మాటలాడేది గట్టు మీద కూచునే బుల్లియ్య ఒక్కడే. తోలుపని చేసేవాడు బడిలోకి రాకూడదని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

మళ్ళీ కుట్టు విడింది. ఈసారి బంతి మారేడుకాయంతై తిరిగొచ్చింది.

లోవరాజు అనే, చేపలు పట్టే పల్లెకారుల కుర్రాడు దాన్ని బలంగా తన్నబోయి, గాలిని తన్ని, వెల్లకిలా పడ్డాడు. పిల్లలందరూ పడీ పడీ నవ్వారు.

జీవరాజుకి నవ్వు రాలేదు. తిన్నగా గట్టు మీదికి వెళ్ళారు.

"బంతి తోలు కోసి చెప్పులు కుట్టుకుంటున్నావు కదూ?"

బుల్లియ్య మొహంలో నవ్వు ఆగిపోయింది.

"అంత మాటనకండి మేష్టారండీ."

"దొరగారికి చెప్పేస్తాను. ఇంక ఈ గట్టు మీద కనిపించకు."

బుల్లియ్య సూదులూ దారమూ సంచిలో వేసుకుని లేచాడు.

"అలాగేనండి. ఇంకో పది రోజులు మాత్రం ఆ బంతితోనే ఆడించండి."

"వేరే బంతి ఉండి ఏడిస్తే కదా!"

మద్రాసు నుంచి రావలసిన కొత్త బంతి రాలేదు. పది రోజులూ పిల్లలు ఆ మారేడుకాయతోనే ఆడారు. దాని వెంట కళ్ళు కాళ్ళలో పెట్టుకుని తిరిగారు. పడ్డారు, లేచారు.

గంట కొట్టాక మేష్టారి చూపు గట్టు వైపు వెళ్ళేది. అక్కడ ఎవరూ ఉండేవారు కారు. దొంగ కోసం చూస్తావేంటని తన్ను తానే కసురుకునేవారు.

కాలవ పడవ ఎక్కి రెండు రోజులకి రాజమండ్రి చేరారు.

అక్కడి బంతిని చూసి లోవరాజు నోరు తెరిచాడు.

"ఓరి నాయనోయ్, ఏనుగు గుడ్డురా!"

ఆ తరవాత జరిగింది చూసినవాళ్ళే చెప్పాలి. బంతి లోవరాజు కాలు వదలనంది. ఒకడి కాళ్ళ సందులోంచి దూరింది, ముగ్గురిని చుట్టింది, గోలు కాసేవాణ్ణి పలకరించి మరీ లోపలికి వెళ్ళింది. బంతిని పిల్లల కాళ్ళకి మేకేసి కొట్టారేమోనని ఓ పెద్దాయన దగ్గరికొచ్చి వంగి చూశాడట. ఇదంతా సగానికి తగ్గించుకుని నమ్మినా సరే, నాలుగు గోల్సు మాత్రం నిజం.

రాజమండ్రి మేష్టారు వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"ఎలా నేర్పారండీ వీళ్ళకి?"

జీవరాజు నోరు విప్పేలోగా లోవరాజు అందుకున్నాడు.

"మన బంతితో ఆడాక ఇదేం లెక్కండీ! ఇంత పెద్దది కాలికి తగలకుండా ఎక్కడికి పోద్దండీ!"

తిరుగు ప్రయాణంలో పిల్లలు పాటలు పాడుకుంటుంటే, జీవరాజు పడవ కొసన ఒక్కరే కూచున్నారు. వాడు దొంగతనం చేసినా మనకి మేలే జరిగింది, వెళ్ళి క్షమించానని చెప్పాలి అనుకున్నారు.

పడవ దిగి తిన్నగా బుల్లియ్య ఇంటికి వెళ్ళారు.

గుమ్మంలో అతని భార్య వీరమ్మ కూచుని ఉంది. చేతులకి గాజులు లేవు.

"తమరు పడవెక్కిననాడే జ్వరం తగిలిందండి. మూడోనాటికి అయిపోయాడండి."



వీరమ్మ తలెత్తి అడిగింది.

"నెగ్గారాండి?"

"నెగ్గాం."

"అయితే కుదిరిందన్నమాటండి."

"ఏంటమ్మా కుదిరింది?"

"మావోళ్ళు పిల్లోడికి కుట్టు నేర్పితే ముందుగాల పెద్ద తోలు ఇవ్వరండి. అరచేతంత ముక్క ఇత్తారు. చెయ్యి తిరిగేకొద్దీ ఇంకా చిన్నది ఇత్తారు. దాని మీద కుదిరిందంటే పెద్ద తోలు దానంతటదే లొంగుద్దండి. బంతిని కూడా అలాగే కోసుకుంటా వచ్చాడండి."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా!"

"నేనూ అదే అన్నానండి. మేష్టారికి మనం పాఠం చెబుతామా ఏంటే అని నవ్వేవాడండి."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆయన పని నేర్చుకోడానికి మాకు బిడ్డల్లేరు కదండీ. ఎవరన్నా అడిగితే మాత్రం, నా చేతికింద పన్నెండుమంది కుర్రాళ్ళు నేర్చుకుంటన్నారని చెప్పుకునేవాడండి."