పేరమ్మ పెట్ట

పేరమ్మ పొద్దున్నే పెట్టను చంకలో ఇరికించుకుని వేలితో తడిమి చూసింది. గుడ్డు తగిలింది. మధ్యాహ్నానికి గూట్లో మాత్రం ఏమీ ఉండదు. వారం రోజులుగా ఇదే తంతు.

ఆరు నెలలు! నూకలు పోసి, రొయ్యపొట్టు పెట్టి సాకితే గద్దకూ ముంగిసకూ పోగా మిగిలింది ఈ ఒక్క పెట్ట. తీరా గుడ్లకొచ్చే వేళకి ఎవరో కాజేస్తున్నారు. నిన్న వీధిలో నిలబడి, దడి అవతలి గంగాభవానికి వినపడేలా నోటికొచ్చినట్టు తిట్టింది కూడా.

ఈరోజు పెట్ట వెనకే నడిచింది. అది దడి దూరి, నేరుగా గంగాభవాని వసారాలోని పాత గంపలోకెక్కి కూర్చుంది. దాని కింద ఏడు గుడ్లు.

“దొంగదానా! నా పెట్ట గుడ్లు దాచిపెట్టుకుంటావా?”

“ఒక్కటీ తినలేదక్కా. పొదిగినాక పిల్లల్తో కలిపి పంపిద్దామనుకున్నా.”

“నా పెట్టను పొదగేసేదానికి నువ్వెవురు?”

గంగాభవాని గంప అంచు మీద చెయ్యి వేసింది.

“ఈ గంపలోనే గదక్కా మనిద్దరి గుడ్లూ కలిపి పొదగేసినాం. పిల్లల్ని పంచుకున్న దినం నీవాటికి ఎడమ కాలి వేలి కొస కత్తిరించినావు, నేను నావాటికి కుడికాలికి. దాని కాలు చూడు.”

పేరమ్మ పెట్టను ఎత్తి చూసింది. కుడికాలు.

“నీ ఆఖరి పిల్లను గద్ద ఎత్తుకుపోయిన దినం నువ్వు అన్నం ముట్టలా. సాయంత్రం నా పిల్లొకటి దడి దూరి నీ ఇంటికొస్తే, నీదే బతికొచ్చిందని ఏడ్చినావు. అడిగేదానికి నాకు నోరు రాలేదక్కా.”