రెయిన్‌కోటు కింద పూలు

"ఇది వేసుకెళ్తే నాకు గ్రీన్ కార్డ్ ఇవ్వరు వసంతా. పిచ్చాసుపత్రికి డ్రైవ్ చేసి దింపొస్తారు."

ఆమోసు చేతిలో చొక్కా. తెల్లగుడ్డ మీద చేటంత ఎర్రపూలు, బొటనవేలంత లావు నల్లగీతలు. ఫిన్లాండు ఆవిడెవరో వేసిన డిజైను. బెడ్‌రూమ్ కర్టెన్లు కుట్టగా మిగిలిన గుడ్డతో వసంతకుమారి మొగుడికి చొక్కా కుట్టేసింది. వీపుకో పువ్వు, పొట్టకో పువ్వు.

"ఆవిడ గీత చూడండి. ఎవడేమనుకుంటాడోనని ఒక్కచోట వణికిందా? మీరు చొక్కాకే వణుకుతున్నారు."

"ఆవిడకేం, గీసి కూర్చుంది. వేసుకునేది నేను."

గుడ్డని చూసి భయపడే మగాళ్ళుంటారు. ఆమోసు వాళ్ళలో ఒకడు. అయినా వేసుకున్నాడు. 1987 జులై ఎండలో దానిమీద రెయిన్‌కోటు తొడిగి, మెడదాకా గుండీలు పెట్టాడు.

వసంత అమెరికా సిటిజన్. వాళ్ళది నిజం పెళ్ళా, కార్డు కోసం ఆడిన నాటకమా తేల్చే ఇంటర్వ్యూ అది. జవాబులు కలవకపోతే ఆమోసు దేశం వదలాలి. ఇమ్మిగ్రేషన్ ఆఫీసరమ్మ ఒక్కొక్కరినే లోపలికి పిలిచింది.

"మీ బెడ్‌రూమ్ కర్టెన్లు ఏ రంగు?"

ఆమోసుకి పరువు అడ్డొచ్చింది. "ప్లెయిన్ వైట్, మేడమ్."

అదే ప్రశ్నకి వసంత రెండు చేతులూ బార్లా చాపింది. "ఎరుపు. ఇంతేసి పూలు."

ఆఫీసరమ్మ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టింది. "ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకి కర్టెన్లు వేరువేరా?"

వసంత మొగుడివైపు తిరిగింది. "మన కర్టెన్లు తెల్లవా?"

"పూల మధ్యలో తెలుపుంది కదా."

"కోటు విప్పండి."

"ఇక్కడొద్దు వసంతా."

"విప్పుతారా, నన్ను విప్పమంటారా?"

విప్పాడు. పూలు గదిలోకి దూకాయి. పక్క బల్ల దగ్గర టైపు చప్పుడు ఆగిపోయింది.

"ఇదే మా కర్టెన్ గుడ్డ, మేడమ్. మిగిలినదాంతో ఈ చొక్కా నేనే కుట్టాను. ఈయన సిగ్గుపడి అబద్ధం చెప్పారు."

ఆఫీసరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఒకే గుడ్డ ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇది సాక్ష్యం కాదు."

ఆమోసు పొట్ట మీది పువ్వు ఎగిరెగిరి పడుతోంది.

ఆఫీసరమ్మ ఆ చొక్కాని కిందినుంచి పైదాకా ఇంకోసారి చూసి, ఠపీమని స్టాంపు గుద్దింది.

"కానీ దొంగ పెళ్ళాం కుట్టిచ్చిందైతే, చచ్చినా ఏ మగాడూ దీన్ని వేసుకుని నా ముందుకి రాడు."